ఎడమచేతి బందీలు

గృధ్రగిరి దుర్గం దూరం నుంచి చూసేవాళ్లకు రెక్కలు ముడుచుకుని కూర్చున్న పెద్ద రాబందులా కనిపిస్తుంది. కొండ నలుపు. కొండ మీది కోటగోడలు అంతకన్నా నలుపు. ఆ నల్లని బురుజుల మీద చంద్రశిల రాజ్యపు తెల్లని పతాకాలు రెపరెపలాడుతుంటే రాబందు తలలో మల్లెపూలు తురుముకున్నట్టు ఉంటుంది. కొండ అడుగున శోణవాహిని నది ఎర్రని నీళ్లతో సుడులు తిరుగుతూ, బండరాళ్లను ఒరుసుకుంటూ, చెవులు గింగురుమనేలా పారుతుంది. నది మీద ఉన్నది ఒకే ఒక్క వంతెన. ఆ ఉదయం ఒక తెల్లగుర్రం డెక్కల కింద నిప్పురవ్వలు రాలుస్తూ ఆ వంతెన మీదుగా దూసుకుపోయింది.

ఆ రౌతు చంద్రశిల యువరాజు అరిందముడు. మీసకట్టు సరిగ్గా రాని వయసే అయినా, పోయిన శరదృతువులో నీలవేది రాజ్యంతో జరిగిన యుద్ధానికి సర్వసేనాని అతనే. ముందు నది, వెనక మంటలుగా శత్రుసైన్యం శోణవాహిని ఇసుకలో చిక్కుకుపోయినప్పుడు, అతను గుర్రాన్ని రెండు సేనల నడుమకు నడిపించి గొంతెత్తి ఒక మాట చెప్పాడు. "ఆయుధాలు కింద పెట్టండి! మీ ప్రాణాలకు నా ప్రాణం అడ్డు. సంధి కుదిరిన రోజున మిమ్మల్ని మీ ఇళ్లకు నేనే సాగనంపుతాను!"

ఆ మాట నమ్మి నీలవేది యోధులు వందలకొద్దీ కత్తులు ఇసుకలో గుచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. వాళ్లందరినీ గృధ్రగిరి దుర్గంలో బందీలుగా ఉంచారు.

ఇప్పుడు సంధి కుదిరింది. బందీలను అప్పగించే ఉత్సవం కోసం విశ్వజిత్తు మహారాజు సేనతో సహా నదికి ఆవలి గట్టున విడిది చేశాడు. తెల్లవారుతూనే ఆ విడిదిలో ఒక వదంతి పాకింది. కోటలో నీలవేది బందీలు సగానికి సగం చచ్చిపోయారట! మిగిలినవాళ్లు మనుషుల్లా లేరట! అరిందముడు ఆ మాట విన్న మరుక్షణం గుర్రం ఎక్కాడు. "అక్కడ మీ మామ ఉన్నాడు కదా, నువ్వెందుకు పరుగెత్తడం?" అని మహారాజు వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు.

కోటద్వారం దగ్గర దుర్గపాలకుడు మకరాంకుడు చేతులు చాచి ఎదురొచ్చాడు. అతను మహారాణికి తోడబుట్టినవాడు. అరిందముడికి చిన్నప్పుడు కత్తి పట్టడం నేర్పిన మేనమామ.

"అల్లుడూ! కబురైనా లేకుండా వచ్చావేం? మీ అత్తకు తెలిస్తే అరిసెలు వండించేదిగా!"

"అరిసెలు తర్వాత తిందాం మామయ్యా. ముందు బందీలను చూడాలి."

"ఓస్, అంతేనా! రా, కళ్లారా చూసుకో."

కోట నడిబొడ్డున విశాలమైన ప్రాంగణం. అక్కడ నీలవేది యోధులు బారులు తీరి నిలబడి ఉన్నారు. ఒంటికి నూనె పట్టించి తలంటు పోసినట్టు నిగనిగలాడుతున్నారు. మడత విప్పని పంచెలు కట్టారు. బుగ్గలు నిండుగా ఉన్నాయి. ఒక్కడి ఒంటి మీద కూడా కొరడా దెబ్బ లేదు. మొదటి వరసలో వాళ్ల దళపతి సింగరాయుడు ఛాతీ విరుచుకుని నవ్వుతున్నాడు.

"చెరసాలలో పెట్టారా, మగపెళ్లివారి విడిదిలో పెట్టారా?" అన్నాడు అరిందముడు నవ్వుతూ. అతని గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. అయినా సింగరాయుడి దగ్గరికి వెళ్లి పరకాయించి చూశాడు. యుద్ధంలో వాళ్లిద్దరూ ముఖాముఖీ తలపడ్డారు. అరిందముడి ఈటె సింగరాయుడి కుడి భుజంలో దిగింది. ఆ గాయం మానిందో లేదో చూడాలనుకున్నాడు.

కుడి భుజం నున్నగా ఉంది. మచ్చ ఎడమ భుజం మీద ఉంది!

యువరాజు వెన్ను జల్లుమంది. ముఖంలో మాత్రం నవ్వు చెరగనివ్వలేదు. మామ వైపు తిరిగి, "ఆకలి దంచేస్తోంది మామయ్యా. వీళ్లతో కలిసి పంక్తిలో కూర్చుని తింటాను. ఆకులు వేయించండి" అన్నాడు.

మకరాంకుడి పెదవులు పాలిపోయాయి. "బందీల పక్కన యువరాజు భోజనమా? నలుగురూ నవ్విపోతారు!"

"నవ్వనీ. మాట ఇచ్చినవాణ్ణి, అన్నం పెడితే తప్పేముంది?"

ఇక తప్పలేదు. ప్రాంగణం పొడవునా అరిటాకులు పరిచారు. వేడివేడి అన్నం రాసులుగా వడ్డించారు. ముద్దపప్పు, కాచిన నెయ్యి, మామిడికాయ పచ్చడి. వాసనకే నోరూరిపోతోంది. "కానివ్వండి నాయనలారా!" అన్నాడు అరిందముడు.

నీలవేది యోధులు అందరూ ఒక్కసారిగా వంగి, అందరూ ఒక్కసారిగా ఎడమచెయ్యి చాచి, ఎడమచేత్తో ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నారు!

వడ్డించేవాడి చేతిలో గరిటె ఠంగున జారిపడింది. కోట భటులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ నిగనిగలాడే మనుషులు మాత్రం అదే నవ్వుతో, అదే ఊపుతో, ఎడమచేత్తో ముద్ద వెనక ముద్ద తింటూనే ఉన్నారు.

అరిందముడికి అంతా అర్థమైంది. వీళ్లు మనుషులు కారు. అద్దంలోంచి ఊడిపడ్డ ప్రతిబింబాలు! అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ఎవడో మాంత్రికుడు అసలు బందీల బింబాలను లాగి, చూడవచ్చిన వాళ్ల ముందు బొమ్మల కొలువు పెట్టాడు. మరి అసలువాళ్లు ఎక్కడ?

ఇక్కడ నోరు విప్పితే తాను ఒంటరి. తనకేమైనా ఫరవాలేదు, కానీ రహస్యం బయటపడిందని తెలిసిన క్షణాన అసలు బందీల గొంతులు కోసేస్తారు. అతను కుడిచేత్తో ఒక ముద్ద తిని, "పచ్చడి బ్రహ్మాండం మామయ్యా! నాన్నగారితో చెబుతాను" అని లేచి, చెయ్యి కడుక్కుని, వచ్చినంత వేగంగానే గుర్రమెక్కి కోట దాటాడు. బురుజు మీంచి మకరాంకుడి కళ్లు అతని వీపును పొడుస్తూనే ఉన్నాయి.

వంతెనకు ఇవతల, వెదురుపొదల మలుపులో, రివ్వున ఒక బాణం వచ్చి జీనులో దిగబడింది. గుర్రం సకిలించి ముందుకాళ్లు లేపింది. అరిందముడు దూకి కత్తి దూశాడు. పొదల్లోంచి చంద్రశిల భటుడి దుస్తుల్లో ఉన్న ఒక వ్యక్తి పులిలా మీదికి ఉరికాడు. కత్తీ కత్తీ కలిసి ఖణేలుమన్నాయి. రెండు పట్లు, మూడు పట్లు! అరిందముడు మణికట్టు తిప్పి కొట్టిన దెబ్బకు తలపాగా ఎగిరిపోయింది. నడుము దాకా జారే జడ విడిపోయింది.

"ఆడపిల్లవా!"

"అయితే చావు తియ్యగా ఉంటుందా?" అంటూ ఆమె మళ్లీ దూకింది. "అబద్ధాలకోరు! నీ మాట నమ్మి మా అన్నయ్య కత్తి పడేశాడు. చేతిలో కత్తి ఉండగా చచ్చినా బాగుండేది!"

"ఎవరు మీ అన్నయ్య?"

"దళపతి సింగరాయుడు. నేను కువలయను. నా పేరు గుర్తుపెట్టుకుని చావు!"

అరిందముడు తన కత్తిని నేల మీద పడేశాడు. కువలయ కత్తిమొన అతని కంఠం దగ్గర ఆగింది.

"చంపడానికి ఇంకాస్త తర్వాతైనా వీలవుతుంది," అన్నాడతను కదలకుండా. "ముందు అసలు బందీలెక్కడున్నారో చెప్పు. నేనిప్పుడు కోటలో మీ అన్నయ్య పక్కన కూర్చుని అన్నం తిన్నాను. అది మీ అన్నయ్య కాదు. మచ్చ వేరే భుజానికి ఉంది. ముద్ద ఎడమచేత్తో తింటోంది."

కువలయ కత్తి దించింది. అతని కళ్లలోకి చూసి, వెదురుపొదల వెనక్కి దారి తీసింది. అక్కడ ఆకుల పక్క మీద ఒక శవం ఉంది. నీలవేది యోధుడు. చర్మం ఎముకలకు అతుక్కుపోయింది. అరచేతులు కాలి బొబ్బలెక్కి ఉన్నాయి. కాలికి సంకెల, దాని చీల విరిగిపోయి ఉంది.

"పొద్దున నది ఒడ్డున దొరికాడు. నా ఒళ్లో తల పెట్టుకునే పోయాడు," అందామె. "మాట సరిగా పెగల్లేదు. 'కొండ కడుపులో... అద్దం... వాడు తింటాడు, మేం చిక్కుతాం' అన్నాడు. అంతే. కొండ వెనక చిన్న ద్వారం ఉంది. పారిపోయిన వాళ్లను పట్టి అందులోంచే లోపలికి ఈడ్చుకెళ్తున్నారు. దొంగచాటుగా దూరదామని ఈ భటుడి దుస్తులు సంపాదించాను. ఒక్కదాన్నీ వెళ్తే కాపలావాళ్లు అనుమానిస్తారు."

అరిందముడు శవం ముందు మోకరిల్లి చేతులు జోడించాడు. తర్వాత తన పట్టుబట్టలు విప్పి ఆ యోధుడి మీద కప్పాడు. అతని చినిగిన గోచీపాత తాను కట్టుకున్నాడు. నది బురద తీసి ముఖానికి, జుట్టుకు, ఒంటికి పూసుకున్నాడు. ఆ సంకెలను తన చేతులకు చుట్టుకుని, విరిగిన చీల చోట ఇనుపతీగ బిగించమని కువలయ వైపు చాచాడు.

"జడ మళ్లీ తలపాగాలో దాచుకో. ఇప్పుడు నువ్వు చంద్రశిల భటుడివి. నేను నీకు దొరికిన బందీని. పద."

"దారిలో కొట్టాల్సి వస్తే?"

"గట్టిగా కొట్టు. నమ్మాలి కదా!"

కొండ వెనక ద్వారం దగ్గర కాపలా నాయకుడు కొమ్మినాయుడు కొరడా ఝుళిపిస్తూ ఎదురొచ్చాడు. అరిందముడు తల దించుకున్నాడు. ఈ కొమ్మినాయుడు యుద్ధంలో తన గుర్రం పక్కనే పరుగెత్తి, తన మీదికి వచ్చిన బాణాన్ని డాలుతో అడ్డుకున్నవాడు!

"ఏరా కుర్రాడా, ఎక్కడ దొరికాడు వీడు?" అని కువలయను అడిగాడు కొమ్మినాయుడు.

"ఏటి ఒడ్డున నాయకా! ఈదలేక మునుగుతుంటే జుట్టు పట్టి లాగాను," అందామె గొంతు బొంగురు చేసి.

"పారిపోతావురా కుక్కా!" కొరడా గాలిలో లేచి అరిందముడి వీపు మీద నిప్పుకణికలా దిగింది. మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. "పారిపోయి ఎవడికి చెప్పుకుంటావురా? మీ యువరాజుకా, మా యువరాజుకా? ఎవడికీ పట్టదు. నడు!"

అరిందముడు పళ్లు బిగించాడు. రక్తం వీపు మీంచి వెచ్చగా జారింది. కువలయ ముఖం తిప్పుకుంది, కానీ అతని సంకెలను వదల్లేదు.

సొరంగం పాములా మెలికలు తిరుగుతూ కొండ కడుపులోకి దిగింది. అడుగడుగుకీ వేడి పెరిగింది. గోడలు సలసల కాగుతున్నాయి. చివరికి దారి ఒక మహాగుహలోకి విచ్చుకుంది. గుహ అడుగున ఎర్రని వెలుగు. ఆ వెలుగు వచ్చే చోట వందలాది మనుషులు గునపాలతో బండలు పగలగొడుతున్నారు. మనుషులంటే మనుషులా? నడిచే ఎముకలగూళ్లు! పైన ప్రాంగణంలో నిగనిగలాడిన ప్రతి ముఖమూ ఇక్కడ పీక్కుపోయి, గడ్డాలు మాసి, కళ్లు గుంటలు పడి కనిపించింది. పైన ప్రతిబింబం ముద్ద తిన్నప్పుడల్లా ఇక్కడ అసలు మనిషి కడుపు పట్టుకుని ముడుచుకుపోతున్నాడు.

గుహ మధ్య, కాలే బండ మీద, రెండు నిలువుల ఎత్తున ఒక నల్లరాతి అద్దం నిలబడి ఉంది. దాని పక్కన పులితోలు కట్టుకుని, జడలు నేలను ఊడుస్తుంటే, ఒక మాంత్రికుడు. నాలుక నల్లగా, గడ్డం దాకా వేలాడుతోంది. వాడే కాలజిహ్వుడు.

"తవ్వండి! తవ్వండి!" అని వాడు ఉరుముతున్నాడు. "అగ్నిశిల ఇంకొక్క బార లోతులో ఉంది. అది నా చేతికొచ్చిన రోజున ముల్లోకాలూ నా పాదాల దగ్గరుంటాయి. పారిపోయినవాణ్ణి పట్టుకొచ్చారా? అద్దం ముందుకు లాగండి! వీడి బింబం కూడా మళ్లీ పైకి పంపితే రేపు అప్పగింతకు సరిపోతుంది. బింబాలను వాళ్లకిచ్చేద్దాం, ఒళ్లను మనం ఉంచుకుందాం!"

అదన్నమాట పన్నాగం! రేపు నీలవేది తల్లులకు, భార్యలకు ఈ అద్దపు బొమ్మలను అప్పగించి, అసలు మనుషులను ఇక్కడే కాల్చి బూడిద చేస్తారు. అడిగేవాడు ఉండడు.

భటులు అరిందముణ్ణి అద్దం వైపు నెట్టారు. దారిలో గునపం పట్టుకున్న ఒక మనిషి తలెత్తి చూశాడు. కుడి భుజాన చీము పట్టిన గాయం. కళ్లు మాత్రం చావలేదు.

"వచ్చావా?" అన్నాడు సింగరాయుడు గొణుగుతూ. బురద వెనక ఉన్నదెవరో అతను గుర్తుపట్టేశాడు. "నీ మాట ఏమైంది యువరాజా?"

"దాని కోసమే వచ్చాను," అన్నాడు అరిందముడు పెదవి కదపకుండా.

అద్దం ముందు నిలబడగానే మోకాళ్లలో సత్తువ జారిపోసాగింది. నల్లరాతి లోపల అతని ముఖం పొగలా లేచి, కళ్లు తెరిచి, బయటికి రావాలని పెనుగులాడుతోంది. అరిందముడు గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ముఖానికి కొట్టే వేడిని బట్టి ఆ అద్దం పెనంలా కాలుతోందని తెలిసింది. సరిగ్గా అద్దానికి పైన, గుహకప్పు నుంచి మోకులతో వేలాడదీసిన పెద్ద నీళ్ల బాన! సొరంగం దిగుతున్నప్పుడే దాన్ని చూశాడు. తవ్వే చోట చల్లబరచడానికి నదినీళ్లు అందులో నింపుతారు.

"కువలయా!" అని గుహ దద్దరిల్లేలా అరిచాడు. "పైన మోకు!"

కువలయ పక్కనున్న భటుడి భుజం మీంచి విల్లు లాక్కుంది. బాణం సంధించడం, వదలడం ఒక్క రెప్పపాటులో జరిగిపోయాయి. మోకు ఫటేలున తెగింది. బాన బోర్లాపడి, చల్లని ఏటినీళ్లు ధారాపాతంగా కాలే రాయి మీద పడ్డాయి.

పిడుగు పడ్డట్టు శబ్దం! అద్దం అడ్డంగా, నిలువుగా చిట్లింది. తెల్లని ఆవిరి గుహంతా కమ్ముకుంది. అదే సమయాన పైన ప్రాంగణంలో ఎడమచేతి బందీలు అందరూ దీపాలు ఆరిపోయినట్టు మాయమయ్యారు. వాళ్ల కొత్త పంచెలు మాత్రం నేల మీద కుప్పలుగా పడ్డాయి. ఆ దృశ్యం చూసిన భటులు కత్తులు వదిలేసి పరుగు లంకించుకున్నారు.

గుహలో ఎముకలగూళ్లు ఒక్కసారి ఊపిరి పీల్చాయి. ఎన్నాళ్ల నుంచో పోగొట్టుకున్న సత్తువ తిరిగి నరాల్లోకి ఎక్కింది. "జై నీలవేది!" అని ఎవరో కేక వేశారు. గునపాలు పైకి లేచాయి. అరిందముడు ఒక్క గుంజు గుంజేసరికి ఇనుపతీగ తెగి, సంకెల ఒక చేతి నుంచి ఊడి రెండో చేతికి వేలాడింది. దాన్ని గదలా తిప్పుతూ మాంత్రికుడి మీదికి దూకాడు. కాలజిహ్వుడు నల్లనాలుక చాచి బుస కొట్టి, పగిలిన అద్దపు ముక్క ఒకటి చంకన పెట్టుకుని, గబ్బిలమై ఆవిరిలోకి ఎగిరాడు.

"అగ్నిశిలను కదిలించారు!" అని వాడి గొంతు కప్పు దగ్గర మారుమోగింది. "ఈ కొండ మీ చితి అవుతుంది!"

నిజంగానే కొండ అడుగున ఏదో గుర్రుమంది. నేల బీటలు వారి ఎర్రని మంటలు నాలుకలు చాచాయి.

"బయటికి! అందరూ బయటికి! నడవలేని వాళ్లను ఎత్తుకోండి!" అని అరిందముడు అరుస్తూ సొరంగం వైపు తిరిగేసరికి, దారికి అడ్డంగా మకరాంకుడు కత్తి దూసి నిలబడి ఉన్నాడు. వెనక కొమ్మినాయుడూ, భటులూ.

"నువ్వా అల్లుడూ!" మకరాంకుడి ముఖం మాడిపోయింది. "నీకెందుకురా ఇదంతా? నేను కళ్లు మూసుకుంటాను. ఒక్కడివీ వెళ్లిపో."

"వీళ్లకు అభయం ఇచ్చింది నేను మామయ్యా. ఎవరినడిగి వీళ్లను మాంత్రికుడికి అప్పగించారు? చెప్పండి. సభలో చెప్పాల్సిందే."

"సభా? నన్ను సభకు ఈడిస్తే నువ్వు తట్టుకోలేవు. నేను చెప్పే మాట వినలేవు!"

"వినగలను."

మకరాంకుడు కత్తితో విరుచుకుపడ్డాడు. ఆ కత్తి పట్టు, ఆ అడుగు, ఆ మలుపు అన్నీ అరిందముడికి తెలిసినవే, చిన్నప్పుడు నేర్చుకున్నవే. కానీ సంకెలతో పోరాడటం మామ నేర్పలేదు. గొలుసు గాలిలో సుడి తిరిగి కత్తికి చుట్టుకుంది. ఒక్క గుంజుతో కత్తి ఎగిరి మంటల్లో పడింది. మకరాంకుడు వెల్లకిలా కూలాడు.

ఆ మరుక్షణమే సింగరాయుడు గునపం ఎత్తి దుర్గపాలకుడి గుండెకు గురిపెట్టాడు. "మావాళ్ల గోరీలు ఈ గుహలోనే ఉన్నాయి. వీణ్ణి నాకు వదిలెయ్!"

అరిందముడు ఇద్దరికీ నడుమ నిలబడ్డాడు.

"ఇతని చేతిలో ఆయుధం లేదు. ఇప్పుడితను బందీ. బందీల ప్రాణాలకు నా ప్రాణం అడ్డని ఆ రోజు చెప్పాను. ఆ మాట మీకొక్కళ్లకే చెల్లుతుందా సింగరాయా?"

సింగరాయుడు గునపం దించలేదు. కువలయ అతని మోచెయ్యి పట్టుకుంది. "అన్నయ్యా! వీడు ఇక్కడ చస్తే ఏం జరిగిందో చెప్పేవాడు ఉండడు. వీడి నోటితోనే చెప్పించాలి."

గునపం ఠంగున బండ మీద పడింది.

కొమ్మినాయుడు అప్పటికే నేల మీద సాగిలపడి ఏడుస్తున్నాడు. "ప్రభూ! మీరని తెలియక కొట్టాను. నన్ను చంపెయ్యండి!"

"నేనని తెలియకపోతే కొట్టవచ్చా కొమ్మినాయుడూ?"

"పైవాళ్లు చెప్పారు ప్రభూ... చెప్పింది చేశాను..."

"చెప్పింది వాళ్లు. కొరడా పట్టిన చెయ్యి నీది. వాళ్లేం చెప్పారో, నువ్వేం చేశావో, రెండూ మహారాజు ముందు చెప్పు. ముందు లేచి ఆ ముసలి యోధుణ్ణి వీపున ఎత్తుకో. పరుగెత్తు!"

కొండ పగులుతుండగా, తల మీద బండలు రాలుతుండగా, ఆ జనమంతా సొరంగం గుండా ఎగబాకారు. బలం ఉన్నవాళ్లు లేనివాళ్లను మోశారు. చంద్రశిల భటులు నీలవేది యోధులను భుజాల మీద వేసుకున్నారు. చివరి మనిషి ద్వారం దాటగానే వెనక సొరంగం భళ్లున కూలింది. గృధ్రగిరి నెత్తిన నల్లని పొగ లేచింది.

బయట మధ్యాహ్నపు ఎండ. ఆకాశం చూసి ఎన్నాళ్లయిందో, కొందరు యోధులు నిలబడ్డ చోటనే కూలబడి చిన్నపిల్లల్లా ఏడ్చారు.

"మన సరిహద్దు అదిగో, ఆ గట్టు దాటితే చాలు," అన్నాడొక యోధుడు అడవి వైపు చూపించి.

"దొంగల్లా పారిపోయేదేమిటి?" అన్నాడు సింగరాయుడు. "మేం తప్పు చేయలేదు. మీ నాన్న విడిది ఎక్కడ యువరాజా? ముందు అక్కడికి వెళ్దాం. మమ్మల్ని ఆయన కళ్లతో చూడాలి."

అలా కదిలింది ఆ ఊరేగింపు. ముందు ఒక చేతికి సంకెల వేలాడుతూ, వీపు నెత్తురోడుతూ అరిందముడు. అతని పక్కన కువలయ. వాళ్ల వెనక కట్లతో మకరాంకుడు. అతను దాహంతో తూలుతుంటే, పక్కన నడుస్తున్న నీలవేది యోధుడొకడు చూసి చూసి, తన నీళ్ల బుర్ర అతని నోటికి అందించాడు.

వంతెన సగం దాటారో లేదో, అవతలి గట్టు మీద భేరీలు మోగాయి. ఈటెలు తళతళమన్నాయి. విలుకాళ్లు బారులు తీరారు. పట్టపుటేనుగు మీద విశ్వజిత్తు మహారాజు, తలపాగా లేకుండా, జుట్టు చెదిరి, కళ్లు నిప్పుల్లా మండుతూ కనిపించాడు. అరిందముడు కోట దాటాక, జీనులో బాణంతో రౌతు లేని తెల్లగుర్రం కనబడగానే మకరాంకుడు పంపిన వార్తాహరుడు అప్పటికే విడిదికి చేరాడు. బందీలు తిరగబడి యువరాజును చంపేశారని చెప్పాడు.

"కొట్టండి! ఒక్కణ్ణీ వదలకండి!" మహారాజు గొంతు పగిలిపోయింది. "నా బిడ్డను చంపినవాళ్లు వీళ్లే!"

విలుకాళ్లు వింటినారి చెవుల దాకా లాగారు.

"నాన్నగారూ!"

ఆ కేక నది ఘోషను చీల్చుకుంటూ పోయింది. మహారాజు ఉలిక్కిపడ్డాడు. బురద, నెత్తురు, మసి. ఆ వెనక తన కొడుకు ముఖం! "ఆపండి! ఆపండి!" అని చేతులు ఊపాడు. విళ్లు దిగాయి. ఆయన కళ్ల వెంట నీళ్లు జలజలా రాలాయి.

"బతికే ఉన్నావా నాయనా! ఎవడురా నిన్ను ఈ గతి పట్టించింది? రా, దగ్గరికి రా!"

అరిందముడు కదల్లేదు. "నన్ను కాదు, వీళ్లను చూడండి నాన్నగారూ. నేను ప్రాణం అడ్డువేసి మీకు అప్పగించినవాళ్లు. కొండ కడుపులో మాంత్రికుడి చేతికిచ్చి, తిండి లేకుండా, నిప్పుల్లో తవ్వించారు. రేపు వీళ్లకు బదులు అద్దపు బొమ్మలను అప్పగించాలనుకున్నారు."

పగ తీర్చుకోవడానికి వచ్చిన చంద్రశిల సైనికులు ఆ ఎముకలగూళ్ల వైపు చూడలేక తలలు దించుకున్నారు. మహారాజు ఏనుగు మీద లేచి నిలబడి కత్తి దూసి ఆకాశానికి ఎత్తాడు.

"నా రాజ్యంలో ఇంత ఘోరమా! సైనికులారా, వినండి! ఈ పని చేయించినవాడు ఎవడైనా సరే, నా బంధువైనా, నా మంత్రైనా, ఈ కత్తితోనే వాడికి శిక్ష! ఇది విశ్వజిత్తు మాట!"

"మహారాజుకు జై!" అని సేన గర్జించింది.

ఆ గర్జనలో కట్లతో ఉన్న మకరాంకుడు పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఏడుపుగా మారింది. మోకాళ్ల మీద కూలబడి తలెత్తి ఏనుగు వైపు చూశాడు.

"బావగారూ! మాంత్రికుడు అడుగుతున్నాడు, బందీలను ఇవ్వమంటారా అని నేను మీ ఏకాంతమందిరానికి వచ్చి అడిగిన రోజు గుర్తుందా? మీరు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. 'అగ్నిశిల మనకు కావాలి మకరాంకా. ఏం చేస్తావో చెయ్యి. నా చెవిన మాత్రం పడనీయకు' అన్నారు. నేను మీ చెవిన పడనీయలేదు." అతను మహారాజు చేతి కత్తి వైపు చూశాడు. "ఇప్పుడు చెప్పండి. ఆ కత్తి ఎవరి మీద దించుతారు?"

భేరీలు ఆగిపోయాయి. అరిందముడు తండ్రి ముఖంలోకి చూశాడు. కాదని ఒక్క మాట అంటే చాలు, నమ్మడానికి అతను సిద్ధంగా ఉన్నాడు. ఆ ముఖం నెమ్మదిగా బూడిదరంగుకు మారిపోయింది. కాదని మాత్రం అనలేదు.

వంతెన నడుమ నీలవేది యోధులు ఊపిరి బిగపట్టారు. గట్టు మీద సర్వసేన ఊపిరి బిగపట్టింది. వెనక గృధ్రగిరి శిఖరం మీంచి మొదటి అగ్నిజ్వాల ఆకాశానికి ఎగిసింది. దాని వెలుగులో మహారాజు చేతి కత్తి ఎర్రగా మెరిసింది.

ఆయన మావటివాడితో, ఎవరికీ వినబడనంత మెల్లగా, "ఏనుగును కూర్చోబెట్టు" అన్నాడు.

పట్టపుటేనుగు మోకాళ్లు వంచింది. విశ్వజిత్తు మహారాజు దూసిన కత్తిని పిడి ముందుకు తిప్పి పట్టుకుని నేల మీదికి దిగి, వంతెన మీద ఒంటరిగా, బందీల వైపు నడవసాగాడు.